బీడు భూమిలో అంజన్ గడ్డి – మొదటి ఏటి ఓపికే పెట్టుబడి



మెట్ట ప్రాంతాల్లోని మన పాల సంఘాల పాల లెక్కల పుస్తకం తిరగేస్తే ఏటా ఒకే కథ కనిపిస్తుంది. వానలు పడి పచ్చిక మొలిచిన నాలుగు నెలలు పాలు పెరుగుతాయి. సంక్రాంతి దాటాక తగ్గుముఖం పడతాయి. ఉగాది నాటికి చాలా ఇళ్లలో చెంబు నిండడమే కష్టమవుతుంది. ఆ సమయంలోనే గడ్డి ధర పెరుగుతుంది. వర్షాకాలంలో పాలమీద వచ్చిన నాలుగు రూపాయలు వేసవిలో గడ్డిమోపులకే చెల్లిపోతాయి. అదీ చాలక కొందరు చూలు పశువును కూడా సంతకు తోలుకుపోతున్నారు.

అదే రైతును “మీకు బీడు ఎంత ఉంది?” అని అడిగితే, “రెండెకరాలు ఉంది, దాంట్లో ఏమీ పండదు” అంటారు. ఏమీ పండదనుకున్న ఆ రెండెకరాల గురించే ఈ వ్యాసం. దానిలో పండే పంట ఒకటుంది. దాని పేరు అంజన్ గడ్డి.

ఎవరికి ఈ గడ్డి, ఎవరికి కాదు

ముందుగా ఒక మాట స్పష్టం చేస్తాము. బోరు గాని కాలువ గాని ఉండి, ఏడాది పొడవునా తడి ఇవ్వగల వారికి అంజన్ గడ్డి అవసరం లేదు. వారు ఎ.పి.బి.ఎన్-1, కో-4 వంటి హైబ్రిడ్ నేపియర్ రకాలు వేసుకుని, కోసి మేపుకోవడమే లాభం. నీటి సాగులో నేపియర్ ఇచ్చే దిగుబడికి అంజన్ ఏ మాత్రం సాటిరాదు.

అంజన్ గడ్డి వానమీదనే ఆధారపడిన ఎర్ర చల్కా నేలలకు, ఇసుక పాలెక్కువ ఉన్న గరప నేలలకు తగినది. ఏడాదికి 300 నుండి 750 మిల్లీమీటర్ల వాన పడే చోట్ల ఇది బాగా వస్తుంది. అనంతపురం ప్రాంతంలో సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అంటే ఈ గడ్డికి అక్కడి వాన సరిపోతుంది. పాత పాలమూరు జిల్లా చల్కా నేలల్లోనూ, కర్నూలు, కడప, ప్రకాశం మెట్టల్లోనూ నీరు నిలవని భూములకు ఇది అనువైనదే. నీరు నిలిచే పల్లపు భూమిలో, బరువైన నల్లరేగడిలో మాత్రం దీన్ని వేయవద్దు. నీరు నిలిస్తే మొదళ్లు దెబ్బతింటాయి.

ఎటువంటి గడ్డి ఇది

శాస్త్రజ్ఞులు దీన్ని సెంక్రస్ సిలియారిస్ అంటారు. రాజస్థాన్‌లో ధామన్ అనీ, ఆస్ట్రేలియా, ఆఫ్రికా దేశాల్లో బఫెల్ గడ్డి అనీ పిలుస్తారు. ఆఫ్రికా, అరేబియాల నుండి మన దేశపు వాయవ్య ప్రాంతం వరకు ఉన్న ఎండు నేలలే దీని పుట్టిల్లు. 1959లో జోధ్‌పూర్‌లో ఏర్పడిన కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ, 1962లో ఝాన్సీలో ఏర్పడిన భారతీయ పచ్చిక బయళ్లు, పశుగ్రాస పరిశోధన సంస్థ ఈ గడ్డిపై చాలాకాలం పనిచేసి మేలు రకాలు ఇచ్చాయి. దీనికి చెల్లెలి వరుస గడ్డి మరొకటుంది. దాన్ని సెంక్రస్ సెటిజెరస్ అంటారు. అది పొట్టిగా పెరుగుతుంది, పశువు మేతకు బాగా తట్టుకుంటుంది.

అంజన్ గడ్డి దుబ్బుగా పెరుగుతుంది. మోకాటి ఎత్తు నుండి నడుము ఎత్తు వరకు వస్తుంది. కంకి నక్క తోకలా మెత్తగా, నూగుతో ఉంటుంది. ఒకసారి నిలదొక్కుకుంటే, సరిగా చూసుకున్న చోట ఐదారేళ్లు, అంతకుమించి కూడా ఉంటుంది. ఏటేటా దున్ని విత్తే పనిలేదు.

దీని బలమంతా వేళ్లలో ఉంది. ఏడాది గడ్డి వేళ్లు పై మట్టిలోనే ఉండిపోతాయి కాబట్టి వాన వెనకబడితే పది రోజుల్లో వాడిపోతాయి. అంజన్ వేళ్లు ఒకటి రెండు మీటర్ల లోతుకు దిగుతాయి. పైన ఎండినట్లు కనిపించినా మొదట్లో ప్రాణం ఉంటుంది. ఒక మంచి వాన పడితే వారం తిరక్కుండా పచ్చబడుతుంది. ఆ వేళ్లే మట్టిని పట్టి ఉంచి, వానకు కొట్టుకుపోకుండా కాపాడతాయి.

ఈ గడ్డిలో ఇంకొక విశేషముంది. సాధారణంగా దీని గింజ పరపరాగ సంపర్కం లేకుండానే, తల్లి మొక్క నుండే తయారవుతుంది. అందువల్ల పిల్ల మొక్కలు అచ్చంగా తల్లి లాగే ఉంటాయి. ఒకసారి మంచి రకం తెచ్చుకుంటే, ఆ తరువాత మీ పొలంలో దూసుకున్న గింజే మీకు మేలు విత్తనం. ఏటా కొనే పనిలేదు.

కొంగునాడులో చూడదగిన పద్ధతి

“మెట్టలో గడ్డి కోసం భూమి వదులుకుంటారా ఎవరైనా?” అని మీరు అడగవచ్చు. వదిలినవారు మన పొరుగునే ఉన్నారు. తమిళనాడులో తిరుప్పూరు, ఈరోడు, కరూరు జిల్లాల్లో “కొరంగాడు” అనే పద్ధతి తరతరాలుగా ఉంది. పేరుపడిన కాంగేయం జాతి ఎద్దులు పెరిగినది ఈ కొరంగాళ్లలోనే.

కొరంగాడు అంటే ఊరుమ్మడి పోరంబోకు కాదు. రైతు సొంత పట్టా భూమి. సామాన్యంగా నాలుగైదు ఎకరాల మడి. దాని చుట్టూ కిళువై అనే ముళ్ల చెట్టు కొమ్మలు నాటి పెంచిన పచ్చని కంచె ఉంటుంది. లోపల అక్కడివారు కొళుక్కట్టై అని పిలిచే సెంక్రస్ జాతి గడ్డి ఉంటుంది. మధ్యమధ్య తెల్లతుమ్మ చెట్లు ఉంటాయి. ఎండాకాలంలో చెట్టు నీడనిస్తుంది, రాలిన కాయ పశువుకు మేతవుతుంది. ఒక మడిలో మేపి, గడ్డి తగ్గగానే పశువులను మరో మడికి మారుస్తారు.

ఇందులో మనం నేర్చుకోవలసినవి మూడు: కంచె, వంతు, చెట్టు. గడ్డి రకం నాలుగవది మాత్రమే. కంచె లేని చోట ఎంత మేలైన విత్తనం చల్లినా అది ఊరి మేకల పాలవుతుంది. కాంగేయం పశువు పాలకు కాక పనికి పేరుపడినదని కూడా గుర్తుంచుకోవాలి. పాలిచ్చే పశువుకు పచ్చికతో పాటు దాణా కూడా కావాలి. ఆ సంగతి ముందు చెబుతాము.

విత్తనం – విత్తే విధానం

అంజన్ విత్తనం దూదిలా తేలిక. చేత్తో చల్లితే గాలికి పోతుంది. దీన్ని విత్తడంలోనే చాలామంది విఫలమవుతారు. కాబట్టి ఈ కింది విషయాలు శ్రద్ధగా గమనించండి.

ఒకటి: అప్పుడే దూసిన గింజ సరిగా మొలవదు. దానికి నిద్ర కాలం ఉంటుంది. ఆరు నెలల నుండి ఏడాది వరకు పొడిగా నిల్వ చేసిన విత్తనమే వాడాలి. కొనేటప్పుడు ఎప్పటి పంటదో తప్పక అడగండి.

రెండు: ఎకరాకు 2 కిలోల విత్తనం చాలు. దీన్ని మూడు నాలుగు రెట్లు తడి ఇసుకతో గాని తడి మట్టితో గాని కలిపితే గాలికి ఎగరదు, సమంగా పడుతుంది. ఉండలు చేసి కూడా విత్తవచ్చు. విత్తనం ఒక పాలు, ఎండిన పేడ పొడి ఒక పాలు, బంకమన్ను మూడు పాళ్లు, ఇసుక ఒక పాలు కలిపి, కొద్దిగా నీరు చిలకరించి, చిన్న ఉండలుగా చేసి నీడన ఆరబెట్టాలి.

మూడు: తొలకరికి ముందే ఒకటి రెండుసార్లు దున్ని, ముళ్లకంప, పిచ్చి మొక్కలు వేళ్లతో తీసివేయాలి. ఎకరాకు నాలుగు బండ్ల పశువుల ఎరువు, 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ వేసి కలియదున్నాలి.

నాలుగు: జూన్, జూలై నెలల్లో నేల బాగా తడిసిన తరువాత, రెండడుగుల లోపు ఎడంతో సాళ్లు తీసి విత్తాలి. లోతు ఒక సెంటీమీటరు మించకూడదు. గొర్రుతో వేరుశనగ విత్తినట్లు లోతుగా విత్తితే మొలక పైకి రాలేదు. విత్తిన తరువాత గుంటక తోలవద్దు. ఒక ముళ్లకొమ్మను తేలికగా లాగితే చాలు.

ఐదు: విత్తనం మీద నమ్మకం లేనివారు పిలకలు నాటుకోవచ్చు. పాత దుబ్బులను విడదీసి, వేళ్లున్న పిలకలను ముసురు పట్టిన రోజుల్లో 50 సెంటీమీటర్ల సాళ్లలో, 30 సెంటీమీటర్ల ఎడంతో నాటాలి. ఎకరాకు సుమారు 27 వేల పిలకలు పడతాయి. కూలి ఎక్కువైనా పిలక నిలదొక్కుకోవడం ఖాయం. అందుచేత మొదట అర ఎకరంలో వేసుకుని, మరుసటి ఏడు అదే పొలం పిలకలతో మిగిలినది నింపుకోవడం చిన్న రైతుకు తెలివైన పని.

విత్తిన నెలకు ఒకసారి, మరో నెలకు ఇంకొకసారి కలుపు తీయాలి. మొలిచిన నాలుగైదు వారాలకు, నేలలో తేమ ఉన్నప్పుడు ఎకరాకు 17, 18 కిలోల యూరియా వేయాలి. రెండవ ఏటి నుండి తొలి వానలకు ఇంతే యూరియా వేస్తే గడ్డి త్వరగా లేస్తుంది.

మొదటి ఏడు పశువును తోలవద్దు

వ్యాసం అంతటిలోనూ ఒక్క మాట గుర్తుంచుకోమంటే, ఈ మాటే గుర్తుంచుకోమంటాము. మొదటి సంవత్సరం ఆ పొలంలోకి పశువును వదలవద్దు.

ఎందుకో చెబుతాము. గడ్డికి ఆకే వంటిల్లు. ఎండలో ఆకు వండిన ఆహారంలో కొంత పెరుగుదలకు పోతుంది. మిగిలినది మొదళ్లలో, వేళ్లలో నిల్వ పడుతుంది. వేసవి అంతా ఆ గాదె మీదనే దుబ్బు బతుకుతుంది. తొలి వానకు కొత్త చిగురు వేసేది కూడా ఆ నిల్వతోనే. మొదటి ఏడు మొక్కకు వేరు ఇంకా దిగలేదు, గాదె నిండలేదు. అప్పుడే పశువు మేస్తే రెండు నష్టాలు. ఆకు పోయి గాదె నిండదు. వేరు పట్టు లేక మొక్క మొదలంటా ఊడివస్తుంది. మరుసటి వేసవికి ఆ పొలం మళ్లీ బీడే. అప్పుడు “అంజన్ గడ్డి మా నేలకు పనికిరాదు” అంటాము. పనికిరానిది గడ్డి కాదు, మన తొందర.

మొదటి ఏడు గడ్డి పూతకు వచ్చి, గింజ రాలేవరకు ఆగండి. రాలిన గింజ మరుసటి ఏటికి ఖాళీలు పూడుస్తుంది. ఆ తరువాత కొడవలితో అరచేతి ఎత్తు మొదలు విడిచి కోసి, ఇంటి దగ్గర మేపుకోండి. అది ముదిరిన గడ్డే అయినా ఎండు మేతకు పనికివస్తుంది.

వంతుల వారీ మేత

రెండవ ఏటి నుండి మేపవచ్చు. కాని ఎప్పుడు, ఎంత అన్నది తెలియాలి. తొలి వానకు చిగురించగానే తోలవద్దు. గడ్డి మోకాటి ఎత్తుకు వచ్చేవరకు, అంటే ఐదారు వారాలు ఆగాలి. పొలాన్ని నాలుగు మడులుగా చేసి, ఒక్కొక్క మడిలో వారం రోజులు మేపితే, ప్రతి మడికి మూడు వారాల విశ్రాంతి దొరుకుతుంది. కంచె కట్టే స్తోమత లేకపోతే పశువును గుంజకు కట్టి, గుంజ మారుస్తూ మేపవచ్చు. ఏ మడిలోనైనా గడ్డి 10, 15 సెంటీమీటర్లకు తగ్గగానే పశువును తీసివేయాలి. ఆ మిగిలిన మొదలు మనం వదిలేసిన మేత కాదు, వచ్చే మేతకు విత్తు.

మరీ ఆలస్యం చేసినా నష్టమే. లేత గడ్డిలో మాంసకృత్తులు నూటికి 8 నుండి 10 పాళ్లు ఉంటాయి. ముదిరి ఎండితే 3, 4 పాళ్లకు దిగిపోతాయి. ఎండిన దుబ్బును పశువు తింటుంది, కడుపు నిండుతుంది, పాలు మాత్రం రావు. కాబట్టి సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఒకటి రెండు మడులను మేపకుండా ఉంచి, పూత దశలో కోయండి. వాన లేని రోజులు చూసి రెండు మూడు రోజులు తిరగేస్తూ ఆరబెట్టి, ఆకు రాలకుండానే వామి వేయండి. వేసవిలో మీ పశువును కాపాడేది ఆ వామే.

లెక్క ఇలా చూసుకోండి

ఆశ పెట్టి మోసం చేయడం మా ఉద్దేశం కాదు. బాగా నిలదొక్కుకున్న అంజన్ పచ్చిక, సాధారణ వాన పడిన ఏడు, హెక్టారుకు 3 నుండి 4 టన్నుల ఎండు మేత ఇస్తుంది. అంటే ఎకరాకు సుమారు 12 నుండి 16 క్వింటాళ్లు. మొదళ్లకు, తొక్కుడుకు మూడవ వంతు తీసివేస్తే, పశువు నోటికి చేరేది 8 నుండి 10 క్వింటాళ్లు.

మూడున్నర క్వింటాళ్ల బరువున్న ఆవు రోజుకు సుమారు 9 కిలోల ఎండు మేతకు సమానమైన మేత తింటుంది. ఈ లెక్కన ఒక ఎకరం ఒక ఆవుకు మూడు నుండి మూడున్నర నెలల మేత. రెండెకరాలైతే ఆరేడు నెలలు. కరువు ఏడు ఇంతకన్నా తగ్గుతుంది. ఏడాది పొడవునా ఒక్క బీడు మీదే పశువు బతుకుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. జొన్న చొప్ప, వేరుశనగ కట్టె, వరిగడ్డి వంటివి ఉండనే ఉండాలి. కాని ఎకరానికి 8, 10 క్వింటాళ్ల గడ్డిని మీ ఊళ్లో వేసవి ధరకు కట్టి చూడండి. ఏమీ పండదనుకున్న బీడు ఏటా ఎంత ఇస్తున్నదో మీకే తెలుస్తుంది.

పప్పుజాతి తోడు, చెట్టు నీడ

అంజన్ ఒంటరిగా కంటే తోడుతో బాగా రాణిస్తుంది. రెండు సాళ్ల గడ్డికి ఒక సాలు స్టైలో హమాట వేసుకోండి. ఇది పప్పుజాతి మేత. గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది, గడ్డి కంటే ఎక్కువ మాంసకృత్తులు కలిగి ఉంటుంది. ఇది మనకు కొత్తది కాదు. అనంతపురం ప్రాంత రైతులు స్టైలో విత్తనాన్ని పంటగా పండించి ఇతర రాష్ట్రాలకు అమ్మినవారే. స్టైలో గింజ పై పొర గట్టిది. పొంగు రాకముందు దించిన వేడి నీటిలో, అంటే 80 డిగ్రీల వేడిలో, నాలుగైదు నిమిషాలు ఉంచి తీసి, ఆరబెట్టి విత్తితే బాగా మొలుస్తుంది.

గట్ల మీద, మడుల మధ్య తెల్లతుమ్మ, అవిసె, సుబాబుల్ వంటి చెట్లు పెంచండి. సుబాబుల్ ఆకును మొత్తం మేతలో మూడవ వంతు మించనివ్వకండి.

సభ్యులు అడిగే ప్రశ్నలు

పాలిచ్చే పశువుకు ఈ మేత ఒక్కటే చాలునా? చాలదు. లేత పచ్చిక దొరికిన రోజుల్లో పశువు శరీర పోషణకు ఇచ్చే దాణా తగ్గించుకోవచ్చు. పాలకు ఇచ్చే దాణా మాత్రం ఆవుకు ప్రతి రెండున్నర లీటర్లకు ఒక కిలో, గేదెకు ప్రతి రెండు లీటర్లకు ఒక కిలో చొప్పున ఇవ్వాలి.

ఈ గడ్డిలో దోషమేమీ లేదా? ఉంది. నేపియర్ లాగే దీనిలోనూ ఆక్సలేట్లు ఉంటాయి. అవి ఒంట్లోని కాల్షియాన్ని పట్టేస్తాయి. పశువులు, గొర్రెలు క్రమంగా అలవాటు పడతాయి కాబట్టి సాధారణంగా ప్రమాదం లేదు. అయినా పాడి పశువుకు రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వండి. ఆకలితో ఉన్న పశువును లేత గడ్డి మీదికి ఒక్కసారిగా వదలకండి. గుర్రాలకు మాత్రం ఈ గడ్డి ఒక్కటే మేపకూడదు.

ఎండిన దుబ్బులకు నిప్పు పెడితే చిగురు బాగా వస్తుందంటారు, నిజమేనా? ఆ పని చేయవద్దు. మేత పోతుంది, స్టైలో చస్తుంది, చెట్లు కాలుతాయి. ఆస్ట్రేలియాలోనూ, అమెరికాలోని అరిజోనా ఎడారిలోనూ బఫెల్ గడ్డి కంచె దాటి అడవిలోకి పాకి, ఎండాకాలం మంటలకు ఇంధనమై అక్కడి సహజ వృక్షాలను నాశనం చేస్తున్నది. అందువల్ల దీన్ని మీ కంచె లోపలే పెంచండి. అడవి అంచుల్లో చల్లకండి. మేపి, కోసి, ముదరకుండా చూసుకుంటే ఆ బెడద ఉండదు.

ఒక్కడినే ఎలా మొదలుపెట్టాలి? ఒంటరిగా మొదలుపెట్టకండి. పక్కపక్కన బీళ్లున్న నలుగురైదుగురు సభ్యులు కలిస్తే కంచె ఖర్చు తగ్గుతుంది, కాపలా వంతులు వేసుకోవచ్చు. ఒకరి పొలాన్ని పిలకల నారుమడిగా పెట్టుకుంటే మిగిలినవారికి విత్తనం ఖర్చు తప్పుతుంది.

చివరి మాట

తొలకరికి ముందు జరిగే మీ సంఘ సమావేశంలో ఈ విషయాన్ని చర్చకు పెట్టండి. ఎవరి బీడు ఎంత, ఎక్కడ నీరు నిలవదు, ఎవరు అర ఎకరంతో మొదలుపెడతారు అన్నది కార్యదర్శి చేత రాయించండి. మీ ఊరి పశువైద్యాధికారిని, వ్యవసాయాధికారిని ఆ సమావేశానికి పిలవండి.

పశువును సాకడం మనకు తాతల నాటి విద్య. గడ్డిని సాకడమే మనం కొత్తగా నేర్వవలసినది. ఒక్క ఏడు పశువును కంచె బయట ఆపగలిగితే, తరువాతి ఐదేళ్లు ఆ కంచె లోపలి గడ్డి మీ పశువును సంతకు పోకుండా ఆపుతుంది.